గొట్టంలో చెంబెడు నీళ్ళు

రెండో పంట దాళ్వా వరి నాట్లయ్యాక సంపూర్ణమ్మ ఇంటి వెనక చేలో పరిశోధనా కేంద్రం వాళ్ళు ఒక చిల్లుల గొట్టం పాతారు. అందులో నీళ్ళు మట్టికి జానెడు లోతుకు దిగేదాకా చేనుకు తడి పెట్టకూడదు. ఎంత నీటికి ఎంత పండుతుందో కొలిచి, వానలు పడని మెట్ట ఊళ్ళకు చెబుతారట. చేలో నీళ్ళు కనబడకపోతే మండపేట చుట్టుపక్కల ఎవరికీ అన్నం సయించదు. అయినా సంపూర్ణమ్మ ఒప్పుకుంది. కొలవడానికి వారం వారం మనిషి వస్తుందన్నారు మరి.

ఆ మనిషి దుర్గాశ్రీ. రాజమండ్రి నుంచి స్కూటీ మీద వచ్చి, గొట్టంలో స్కేలు దింపి, ఫోన్లో అంకె కొట్టి, కాఫీ తాగి వెళ్ళేది. సంపూర్ణమ్మ భర్త ఏసురాజు మిల్లు లారీ తోలతాడు. ఇంటికొస్తే తింటాడు, పడుకుంటాడు. ఆ రెంటి మధ్యా మాటకు చోటుండదు.

ఒకసారి జల్లు పడి అంకె ఉన్నట్టుండి పెరిగితే, దుర్గాశ్రీ సరిచూసుకోడానికి మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత స్కూటీ చప్పుడు వినబడగానే సంపూర్ణమ్మ గొట్టంలో చెంబెడు నీళ్ళు పోసేది. దుర్గాశ్రీ మర్నాడూ వచ్చేది. కాఫీకి పెసరట్టు కూడా తోడైంది.

ఆ రోజు స్కేలు దింపాక ఫోన్ మోగింది. దుర్గాశ్రీ మాట్లాడి మళ్ళీ వంగేసరికి నీళ్ళు కిందికి దిగాయి.

"ఏంటండీ, నేనుండగానే తాగేస్తోంది?"

"ఎండలు కదమ్మా. దానికీ దాహం."

"చుట్టూ పైమట్టి ఆరిపోయిందండి. గొట్టం లోపలంచు మాత్రం తడిగా ఉంది. మీరు పోశారా?"

సంపూర్ణమ్మ కుచ్చిళ్ళు దులుపుకుంది. "అంకె పెరగకపోతే మర్నాడు రావు కదా."

దుర్గాశ్రీ స్కేలు పైకి తీసింది. "ఈ లెక్క నమ్మి నీళ్ళు లేని చోట ఎవరో నాటుకుంటారండి. వాళ్ళ చేను ఎండిపోతే?"

సంపూర్ణమ్మ గట్టు మీది చెంబు తీసి బోర్లించింది.

"ఈ చేను లెక్కలోంచి తీసెయ్యాలండి. ఏమీ అనుకోకండి."

"అట్టు తిని వెళ్ళు."

"ఆలస్యమైందండి. అప్పుడప్పుడు వస్తాలెండి."

ఇద్దరూ కలిసి గొట్టం పీకారు. దాన్ని స్కూటీకి కట్టుకుని దుర్గాశ్రీ వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు వస్తామన్న చుట్టాలు సంపూర్ణమ్మకు చాలామందే ఉన్నారు.

పక్క చేలోంచి రత్తమ్మ కేకేసింది. "పరీక్షలైపోయాయిగా వదినా, ఇంక మడి నింపుకో."

సంపూర్ణమ్మ గట్టు దిగి, గొట్టం పీకిన గుంటలో చెయ్యి పెట్టి చూసింది. జానెడు లోతుకు చేరకముందే వేళ్ళకు నీళ్ళు చల్లగా తగిలాయి.

"ఇంకా దిగలేదు వదినా," అంది.