తొమ్మిదిన్నరకే రాసిన అంకె

నాకు నోరెక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఉన్న మాటే. అవసరమైన ఒక్క రాత్రి మాత్రం ఆ నోరు పనికి రాలేదు.

చిన్న విమానాశ్రయంలో వాతావరణం చూసే ఉద్యోగం నాది. గంటగంటకూ గాలి ఒత్తిడి చూసి, రిజిస్టరులో రాసి, ఆ అంకెను ఫోన్లో టవర్‌కు చెప్పాలి. టవర్ పెద్దాయన దాన్ని పైలట్‌కు చదువుతాడు. పైలట్ తన ఎత్తు మీటరును ఆ అంకెకు సరిచేసుకుంటాడు. అంతే పని. అందులో కూడా మాకొక పాడు అలవాటుంది. గంటలో పెద్దగా మారి చచ్చేదేముందని, పదింటి అంకె తొమ్మిదిన్నరకే రాసి, టవర్‌కు చెప్పేసి టీకి పోతాం. ఆ రాత్రి నేనూ పోయాను. ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి పది దాటింది. బయట సన్న జల్లు, నేలకు దిగిన మబ్బు. మందుల పెట్టెలు తెచ్చే బుల్లి విమానం దిగబోతోంది. నడిపేది మా బావ, అక్క మొగుడు. లోపల అతనొక్కడే. దిగే ఎత్తును చూపే సంకేతం ఆ వారమంతా రిపేరులో ఉంది. దారి చూపే సంకేతమొక్కటే పనిచేస్తోంది. ఎత్తుకు మీటరే దిక్కు.

మా గదిలో స్పీకరుంది. అందులోంచి బావ గొంతు వినిపించింది.

"పెద్దాయనా, మా మరదలేనా డ్యూటీలో?"

"ఆవిడే."

"అయితే అంకెకు ఢోకా లేదు. చెప్పండి."

నవ్వుకుంటూ గోడ మీది ఒత్తిడి మీటరు వైపు చూశాను. నేను రాసినదానికంటే ఐదు పాయింట్లు పడిపోయి ఉంది. ఒత్తిడి పడితే ఎత్తు మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, పాయింటుకు ముప్పై అడుగులు. అంటే బావ తాననుకుంటున్న దానికంటే నూటయాభై అడుగులు కిందున్నాడు.

ఫోనెత్తాను. టవర్ లైను బిజీ. విసిరేసి టవర్‌ మీదికి పరిగెత్తాను. అరవై రెండు మెట్లు. ఎక్కుతూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. తలుపు తోసేసరికి బావ అంటున్నాడు.

"మూడు వందలు. రన్‌వే దీపాలింకా కనబడ..."

అంతే. పెద్దాయన మూడుసార్లు పిలిచాడు. జవాబు లేదు. సైరన్ నొక్కి నా వైపు తిరిగాడు. "ఏంటమ్మాయ్, ఇలా పరిగెత్తుకొచ్చావ్?" నోరు పెగల్లేదు.

నలభై నిమిషాలు ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. చివరికి ఫైర్ జీపు నుంచి కబురొచ్చింది. రన్‌వే ముందున్న గుట్ట మీద చెట్లకు తగిలి కూలింది, మనిషి ప్రాణాలతో ఉన్నాడని. అక్కడే కూలబడి ఏడ్చాను.

తరువాత కిందికి దిగి రిజిస్టరు తీశాను. మా దగ్గర అంకెలు చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. కారణం దగ్గర "చూడకుండా ముందే రాసినది" అని రాశాను.

తెల్లారి ఆసుపత్రిలో బావ కళ్లు తెరిచాడు. అక్క మందులకు వెళ్లింది.

"మీటరు మూడు వందలు చూపిస్తుంటే కొమ్మలు తగిలాయి," అన్నాడు. "పాత అంకెనా?"

"చూడకుండా రాశాను బావా."

తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేనే మీటరును తప్పు అంకెకు తిప్పానని చెప్తా. నువ్వు ఈ ఒక్కసారికి నోరు మూసుకో."

"నీ లైసెన్సు పోతుంది."

"పోనీ. దానితో ఇక పనేముంది?"

అప్పుడు చూశాను. దుప్పటి కింద ఎడమ మోకాలి దగ్గర్నుంచి ఏమీ లేదు.

"రిజిస్టరులో రాసేసి వచ్చాను," అన్నాను. బావ కళ్లు మూసుకున్నాడు.

అక్క లోపలికొస్తూనే నా మెడ చుట్టూ చేతులు వేసింది. "నువ్వు మెట్లెక్కి పరిగెత్తావటగా, పెద్దాయన చెప్పాడు. నువ్వక్కడ ఉండబట్టే ఈయన నాకు దక్కాడే."

బావ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, చెప్పొద్దని.

"అక్కా, పదింటి అంకె నేను తొమ్మిదిన్నరకే రాశాను," అన్నాను. తను అర్థం కాక చూసింది. మొదట్నుంచీ వివరించాను, ఒక్క ముక్కా వదలకుండా. నేను ముగించేలోపే అక్క చేతులు నా మెడ మీద నుంచి తీసేసింది.