గుట్ట ఎక్కిన కాళ్ళు

మా చెల్లెలు రత్నమ్మ కూతురు పావనికి ఆదివారం పొద్దున చిత్తూరులో కానిస్టేబులు ఉద్యోగానికి పరుగు పరీక్ష. పోయినసారి చివరి చుట్టులో కాళ్ళు ఆడక కూలబడింది. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది. అందుకని రత్నమ్మ మొక్కుకుని ఒక ఏర్పాటు చేసింది: శనివారం పావని కాలినడకన దగ్గర్లోని గుట్టెక్కి, పైనున్న స్వామికి టెంకాయ కొట్టి రావాలి.

శుక్రవారం కురబలకోటలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకీ సంగతి తెలిసింది. ముప్పై ఏళ్ళు మదనపల్లెలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కోపం దిగమింగుకుని మళ్ళీ పాఠం మొదలుపెట్టాను.

"సూడమ్మా, టమాటా మండీలో నాలుగు బాక్సులుంటే ఊరికే ఇద్దరు బక్క కూలోళ్ళని పిలుస్తారు. లారీ నిండాలంటేనే వస్తాదుల్లాంటి కూలోళ్ళు దిగేది. కండరమూ అంతే. మెల్లగా నడిస్తే సన్న తంతువులు చాలు, అవి తొందరగా అలిసిపోవు. బరువు పెరిగితేనే లావు తంతువులు లేస్తాయి. వాటికి బలమెక్కువ, ఓపిక తక్కువ. రేపు గుట్టమీద వాటిని అరగదీస్తే ఎల్లుండి చివరి చుట్టులో ఎవర్ని పిలుస్తాది పాప?"

"పాప కాళ్ళల్లో కూలోళ్ళుండారా అన్నా?" అంది రత్నమ్మ, చింతపండు పిసుకుతూ. "ఉంటే వాళ్ళకీ సామే బలమిస్తాడులే."

"ఎక్కేదానికన్నా దిగేది చేటు. తొడ కండరం సాగతా బరువు ఆపాల. ఆ నొప్పి మర్నాడు తెలుస్తాది."

"మామా, నేను పరిగెత్తాల్నా, మీ పంచాయితీ వినాల్నా?" అంది పావని. పాపం, బూట్లు తుడుచుకుంటూ ఉంది.

నేను దారి మార్చాను. "ఎవరెక్కాలని మొక్కినావు?"

"ఇంటి మనిషని. నాకు మోకాళ్ళు రావు గదా."

"నేను ఇంటి మనిషిని కానా?"

రత్నమ్మ చెయ్యి ఆగింది. "నువ్వు సామినే నమ్మవు గదన్నా."

"మెట్లెక్కేది కాళ్ళా, నమ్మకమా?"

చింతపండు పిప్పి పక్కన పడేసింది. "టెంకాయ మాత్రం నువ్వే కొట్టాల," అంది.

ఆ విధంగా, ఏ గుడిమెట్టూ ఎక్కనని యౌవనంలో సభల్లో చెప్పిన నేను, శనివారం టెంకాయ సంచితో గుట్టెక్కాను. సగం దారిలోనే నా లావు తంతువులన్నీ పనిలోకి వచ్చాయి. దిగేటప్పుడు తొడలు వణికాయి. పాఠం ఇంత బాగా విద్యార్థులకు ఏనాడూ చెప్పలేకపోయాను. పావని ఆరోజంతా పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోను. "పాసయినాను మామా. కడ చుట్టు దాకా కాళ్ళు వచ్చినాయి," అంది పావని. వెంటనే రత్నమ్మ ఫోను లాక్కుంది.

"సూసినావా అన్నా, మొక్కు పలించింది."

"పాప నిన్న రెస్టు తీసుకునింది. అందుకే పాసయింది."

"నేనూ అదే గదా అంటాండేది. సామి నిన్ను గుట్టెక్కించి పాపను పండుకోబెట్టినాడు."

నేను ఫోను రెండో చెవికి మార్చి తొడ నొక్కుకున్నాను.

"రాతపరీక్షకి ఇంకోటి మొక్కినానన్నా," అంది మెల్లగా.

"రాతకు కాళ్ళతో పనిలేదు. ఈసారి పాపనే ఎక్కమను," అని ఫోను పెట్టేశాను. కుర్చీలోంచి లేవడానికి మాత్రం గోడ పట్టుకోవలసి వచ్చింది.