మేకుకు మిగిలిన బిళ్ల

సదయ్య గోనెసంచులను నీళ్లలో ముంచి గ్రంథాలయం కిటికీలకు వేలాడదీస్తున్నాడు. గోదావరిఖని దుమ్ము సగం ఆ తడిసంచులకే అంటుకుంటుంది. మిగతా సగం సదయ్య రొమ్ములో ఎప్పుడో చేరిపోయింది. బొగ్గుబాయిలో బండ పడి కాలు కుంటిదయ్యాక ఇక్కడ ఊడ్చే పనిలో కుదిరాడు. కాలు సంగతి అడిగితే మాత్రం, పాతాళంలో మొసలి పట్టిందనీ, తాను కథ మొదలుపెట్టగానే కునుకు తీసి వదిలేసిందనీ చెప్పేవాడు. పిల్లలు నమ్మేవారు. తల్లులు నమ్మనట్టు మూతి తిప్పుతూనే చివరిదాకా వినేవారు.

వేసవి సెలవుల్లో తల్లీబిడ్డలను కూర్చోబెట్టి పుస్తకాలు చదివించడం ఆయన పెట్టిన ఆనవాయితీయే. బొగ్గుబాయిలోకి దిగేవాడు తన నంబరున్న రేకుబిళ్లను మేకుకు తగిలించి దిగుతాడు, పైకొచ్చాక తీసుకుంటాడు. బిళ్ల మేకుకే ఉందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. సదయ్య రేకుముక్కలు కత్తిరించి పిల్లలకూ బిళ్లలు చేశాడు. పుస్తకం ఇంటికి పోతే బిళ్ల మేకుకు, పుస్తకం తిరిగొస్తే బిళ్ల చేతికి.

ఒక్క బిళ్ల మాత్రం ఏండ్లుగా మేకు దిగలేదు. అది వీరేందర్‌ది. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుపోయి మళ్లీ తేలేదు. తెలంగాణ రాష్ట్రం రాబోతున్న ఈ ఎండాకాలం, అదే వీరేందర్ గ్రంథాలయానికి అధికారిగా వచ్చాడు. తానున్నన్ని రోజులు పిల్లల చదువు ఆగదని సదయ్య చెయ్యి పట్టుకుని చెప్పాడు. సదయ్య మురిసిపోయి ఆ బిళ్లను బూడిదతో తోమి మళ్లీ అక్కడే తగిలించాడు.

నిన్న వీరేందర్ పంపితే, సదయ్య నడినెత్తి ఎండలో క్వార్టర్ల వెంట కుంటుకుంటూ తిరిగి, రేపు పెద్ద సంబురమని అందరినీ పిలిచాడు. ఇవాళ హాలు నిండింది. వీరేందర్ బామ్మర్ది లేచి, రేపటినుంచి ఇక్కడ కంప్యూటర్ ట్యూషన్ అనీ, ఫీజు కట్టినవాళ్లే రావాలనీ, కథల పుస్తకాలు మూటకట్టేస్తున్నారనీ చెప్పాడు. పిల్లలు సదయ్య మొహంలోకి చూశారు.

సారక్క కూతురి రెక్క పట్టుకుని లేచింది. "ఇంటింటికొచ్చి పిలిచింది నువ్వే గద కాకా. డ్యూటీ దిగొచ్చిన మనిషికి బువ్వ గూడ పెట్టక ఉరికొచ్చిన. నీ కథలన్నీ గీ బేరానికేనా?"

మొసలిని నిద్రపుచ్చిన మనిషి కుంటుకుంటూ పోయి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

పిల్లలు పుస్తకాలు బల్ల మీద పెట్టి, ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుని పోయారు. హాలు ఖాళీ అయ్యాక సదయ్య అడిగాడు.

"నాకు ముందే చెప్తే ఏమైతుండె బిడ్డా?"

వీరేందర్ తల ఎత్తలేదు. "చెప్తే నువ్వు పిలుస్తుంటివా? నువ్వు పిలిస్తేనే వస్తరు కాకా."

సదయ్య తడిసంచులు దించి, పిండి, మడతపెట్టాడు. తాళంచెవి బల్ల మీద ఉంచి, మొసలి పట్టిన కాలు ఈడ్చుకుంటూ ఎండలోకి దిగాడు. మళ్లీ రాలేదు.

ఖాళీ మేకుల పలక మీద, బూడిదతో తోమిన ఆ ఒక్క బిళ్ల ఫ్యాను గాలికి ఊగుతూ టిక్కుటిక్కుమని గోడను తాకుతోంది.