తెల్ల దుప్పట్ల బరువు

మా మరిది మంచి మెకానిక్ అని అందరూ అంటారు. ఆ పొద్దున అతని షెడ్డు ముందు నిలబడి ఆ అందరినీ మనసులో తిట్టుకున్నాను.

"బండికేమీ లేదు వదినా. ఇప్పుడే సగం కొండ ఎక్కి దిగాను. గుర్రంలా పరుగెత్తింది," అంటూ తాళం నా చేతిలో పెట్టాడు.

"నీకైతే పరుగెత్తి నాకైతే పాకుతుందా? దానికి నామీదేమైనా పగా?"

కారు అతని దగ్గరికి తేవడం ఇది మూడోసారి. మొదటిసారి ఫిల్టర్ మార్చాడు. రెండోసారి కంప్యూటర్ తగిలించి చూశాడు. అదీ అంతా బాగుందనే చెప్పింది. మా ఆయనకు ఆ కంప్యూటర్ కూడా అక్కర్లేకపోయింది. "నీకు గేర్లు మార్చడం రాదు," అని కూర్చున్న చోటు నుంచే తేల్చేశాడు. ఆయనకు డ్రైవింగ్ నేర్పిందే నేను. ఒళ్లు మండిపోయింది.

నాది లాండ్రీ. కొండమీది ఆసుపత్రికి ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు రోజూ నేనే చేరుస్తాను. ఈమధ్య కొండ ఎక్కుతుంటే కారు ఉన్నట్టుండి నీరసపడిపోతోంది. ఎంత తొక్కినా కదలదు, వెనక నల్లటి పొగ, ఆ వెనక లారీల హారన్లు. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే లాండ్రీ చూసుకుంటామని హెడ్ నర్సు నిన్న మొహం మీదే చెప్పేసింది. ఆ ఆసుపత్రి పోతే నా లాండ్రీకి తాళమే.

షెడ్డులో బల్లమీద దింపిన మూటలు విసురుగా కారులోకి ఎక్కించాను. మరిది ముందు తలుపు తీశాడు.

"నేనూ వస్తాను. నువ్వు నడుపుతుంటే వింటాను."

"ఆ మసి బట్టలతోనా? మరక పడితే మొత్తం తిప్పి పంపుతారు," అని ఒక దుప్పటి లాగి అతనికి మెడ దాకా చుట్టబెట్టాను.

"ఇటునుంచి ఇటే వార్డులో పడుకోబెట్టి వస్తావా ఏంటి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రెండో మలుపు దాటగానే కారు చతికిలబడింది. గేరు తగ్గించాను, తొక్కాను. ఇంజన్ అరుస్తోందే తప్ప బండి లాగడం లేదు. స్టీరింగ్ మీద చేత్తో కొట్టాను.

"ఉండు, ఉండు. ఆ బుస వినబడుతోందా? పక్కకి ఆపు."

బానెట్ ఎత్తి వంగాడు. వేడెక్కిన రబ్బరు పైపును ఒంటిమీది దుప్పటి అంచుతో పట్టుకుని వంచాడు. అడుగున, పైపును బిగించే పట్టీ పక్కనే, సన్నటి చీలిక.

"టర్బో గాలిని నొక్కి ఈ పైపులోంచి ఇంజన్‌కి పంపుతుంది. బరువుంటేనే గట్టిగా నొక్కుతుంది. అప్పుడే ఇది నోరు తెరుస్తోంది. ఖాళీ బండిలో మూసుకునే ఉంటుంది."

"మరి మూటలతోనే నడిపి చూడొచ్చు కదా!"

"నడపనిస్తేగా! కారు రాగానే 'ముందు మూటలు దించు, మసి అంటుకుంటుంది' అని మీదపడేదెవరు?"

నేనే.

చీలిన అంచు కోసేసి, పైపును ముందుకు లాగి మళ్లీ బిగించాడు. చేతులు దుప్పటికే తుడుచుకున్నాడు. చూస్తూ ఊరుకున్నాను. తర్వాత కారు మూటలన్నిటితో ఆగకుండా పైదాకా ఎక్కింది.

హెడ్ నర్సు గుమ్మంలోనే ఉంది. గడియారం చూసి, తలూపి దుప్పట్లు లెక్కపెట్టింది.

"ఒకటి తక్కువుంది."

"రేపు తెస్తాను," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. "సరే. రేపటివాటితో కలిపి తీసుకురా," అని లోపలికి వెళ్లిపోయింది.

కారు దగ్గరికి వచ్చేసరికి కళ్లు నిండిపోయాయి. మసి దుప్పటి ఒళ్లో పెట్టుకున్న మరిది కంగారుపడ్డాడు.

"ఏమంది వదినా?"

"రేపు రమ్మంది."

"మరి ఏడుపెందుకు?"

"నోరు మూసుకుని మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యి," అన్నాను, ఇంజన్ స్టార్ట్ చేస్తూ. "నాకు గేర్లు మార్చడం వచ్చని చెప్పు."