వాళ్లు చెయ్యని ఆల్బమ్

"నూనె ఇంకొంచెం కాగనివ్వమ్మా, పొగ రావాలి. పొగే రాకపోతే మీ మామగారికి అందేదేముంటుంది?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

చోల్పొన్ మంట పెంచింది. శుక్రవారం వచ్చిందంటే ఆ ఇంట్లో బూర్సోకులు వేయించాల్సిందే. పిండిముక్కలు నూనెలో పొంగి పైకి తేలుతుంటే లేచే వాసనే పోయినవాళ్ల ఆత్మలకి తిండి. తినేది మాత్రం ఉన్నవాళ్లు, అందులో సగం మొగుడి స్నేహితుడు కుబాత్ ఒక్కడే. పోయినవాళ్లకి వాసనైనా దక్కుతుంది, వేయించేవాళ్లకి కళ్ల మంట తప్ప ఏం దక్కుతుందో ఎవరూ చెప్పలేదు. పధ్నాలుగు నెలల ఐపెరి ఆమె గౌను అంచు పట్టుకుని ఊగుతూ నిలబడింది. నిన్నగాక మొన్న నడక నేర్చిన పిల్ల, పక్కనే కాగే నూనె. మూకుడు పిడి గోడవైపే తిరిగి ఉందా, ఉంది, ఇప్పుడే కదా చూసింది, అయినా ఇంకోసారి చూసింది. పిల్ల పొద్దున్నించి రెండుసార్లు దగ్గింది. అది మామూలు దగ్గేనా?

"ఏవండీ, పాపని కాసేపు అటు తీసుకోండి, నూనె కాగుతోంది" అని కేకేసింది.

"ఇదిగో, వచ్చేస్తున్నా" అన్నాడు ఎర్మెక్ ముందుగదిలోంచి. ఆ మాట అనడం అది మూడోసారి. రాడు. రాలేడు పాపం, అక్కడ ఆల్బమ్ తయారవుతోంది.

'పడమటి గాలి' అని బిష్కెక్‌లో ఒక బ్యాండు ఉండేది. ముగ్గురే మనుషులు. ఎర్మెక్ పాడుతూ బాస్ వాయించేవాడు, కుబాత్ డ్రమ్స్, చోల్పొన్ గిటారు. నాలుగు చలికాలాలు నేలమాళిగ కేఫుల్లో, పెళ్లిళ్లలో, ఒకసారి సరస్సు ఒడ్డున వానలో తడుస్తూ వాయించారు. ఏడు పాటలు కట్టారు. ఏడింటికీ బాణీ చోల్పొన్‌దే. తర్వాత పాడేవాడికీ గిటారు వాయించేదానికీ పెళ్లయింది, సంగీత కళాశాల రెండో ఏడు మధ్యలో ఆగిపోయింది, కడుపు వచ్చింది, బ్యాండు చెదిరింది. ఆల్బమ్ చెయ్యనే లేదు. చెయ్యనిదాన్ని ఈ మగవాళ్లిద్దరూ రెండేళ్లుగా శుక్రవారం శుక్రవారం గాలిలో చేస్తూనే ఉన్నారు. ఏ పాట ముందు, ఏ పాట వెనక, అట్ట మీద గుర్రం బొమ్మా మంచులో ఇరుక్కున్న బస్సా అని కొట్టుకుంటారు.

"మూడో పాటలో గిటారు అలా ఒంటరిగా ఏడుస్తుంది చూడు, అక్కడ నువ్వు పాడకూడదురా. నోరు మూసుకుని నిలబడాలి" అంటున్నాడు కుబాత్. "ఏం వేళ్లురా అవి! అలాంటి గిటారు మళ్లీ మనకి దొరకదు. అయిపోయింది. ఆ రోజులే అయిపోయాయి." ఊపిరి తిప్పుకుని వంటింటి వైపు గొంతు పెంచాడు. "వదినా! మీగడ ఉందా? బూర్సోకులు ఉత్తవే పంపావు!"

ఒకప్పుడు వీడే ఆమెని 'ఏమే చోల్పొన్, తీగ బిగించు' అనేవాడు. ఇప్పుడు వదిన. వదినకి మీగడ ఉంటుంది, వేళ్లు ఉండవు. ఆ వేళ్లెవరివో వాళ్లు ఎంత ప్రేమగా తలచుకుంటారంటే, గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషికే ఆ గిటారు మనిషి మీద అసూయ పుడుతుంది. ఎంత బాగా బతికి ఉంటుందో కదా అనిపిస్తుంది.

ఇవాళ ఆల్బమ్ ఇంత హడావిడిగా తయారవడానికి కారణం ఉంది. రేడియోలో ఎవరో అసిల్‌కాన్ అట, చెదిరిపోయిన బ్యాండ్ల మీద కార్యక్రమం చేస్తోంది. ఇవాళ ఇంటికొచ్చి మాట్లాడుతుంది. నచ్చితే వచ్చే మంగళవారం పొద్దున పదింటికి స్టూడియోలో ఒక పాట రికార్డు చేస్తారు, దేశమంతా వినిపిస్తారు. ఆ సంగతి ఎర్మెక్ పొద్దున చెప్పాడు, గడ్డం గీసుకుంటూ, అద్దంలో తనని తాను చూసుకుంటూ.

"గిటారుకి అజాత్ అని ఒక కుర్రాణ్ణి మాట్లాడాను. బాగా వాయిస్తాడట. ఆదివారం వస్తాడు, నువ్వొక గంట కూర్చుని మూడో పాట నేర్పెయ్యి."

"నేనే వాయిస్తేనో?"

నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. దాని మీద కోపం ఎలా తెచ్చుకోవాలో కూడా తెలీదు, అలాంటి నవ్వు. "పిచ్చా నీకు? పాపకి పాలే మాన్పించలేదు. రెండేళ్లయింది నువ్వు గిటారు ముట్టుకుని. రేడియో వాళ్ల ముందు పరువు పోతుంది. బాణీ నీదేగా, ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోతుందా! మంగళవారం అజాత్ వాయిస్తే అది అజాత్ బాణీ అయిపోతుంది. విన్నవాళ్లకి అతని వేళ్లే గుర్తుంటాయి. ఆమె నేర్పింది, ఆమె కట్టింది అని ఎవరికి తెలుస్తుంది? వచ్చినవాళ్లకి టీ పోసింది ఆమే అని ఎవరైనా గుర్తుపెట్టుకుంటే అదే గొప్ప. నేర్పనని ఆ క్షణంలోనే అనాల్సింది. అంతలో పాప ఏడిస్తే లేచి వెళ్లిపోయింది. ఆమె అనాల్సినవన్నీ అలాగే పాప ఏడుపులో పడి కొట్టుకుపోతున్నాయి రెండేళ్లుగా.

అసిల్‌కాన్ మధ్యాహ్నానికి వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి, పెద్ద గొంతు. గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్దచోటున పరుపు మీద కూర్చోబెట్టారు. అత్తగారు పలకరించి, నమాజు వేళయిందని లోపలికి వెళ్లింది. చోల్పొన్ తలగుడ్డ సరిచేసుకుని, కోడలి చోటులో, అంటే తలుపు దగ్గర, టీ కెటిల్ పక్కన ఒక మోకాలి మీద కూర్చుంది. ఎవరి గిన్నెలోనైనా టీ సగానికి మించకూడదు. నిండుగా పోస్తే ఇక లేవండి అన్నట్టు. కొంచెం కొంచెంగా పోస్తుంటే అది అయిపోతూనే ఉంటుంది, ఆమె పోస్తూనే ఉంటుంది. ఒక చేత్తో కెటిల్, ఒక చేత్తో పాప.

"మీ ముగ్గురిలో గిటారు..." అని మొదలుపెట్టింది అసిల్‌కాన్.

ఎర్మెక్ నిట్టూర్చాడు. అబ్బ, ఏం నిట్టూర్పు! పాటలో కూడా అంత బాగా తియ్యలేదు ఎప్పుడూ. "ఆమె ఉన్నన్నాళ్లూ అక్కా, మాకు విలువ తెలియలేదు" అన్నాడు. గోడవైపు చూశాడు. గోడకి గిటారు వేలాడుతోంది, దుమ్ము పడకుండా అత్తగారు కప్పిన తెల్లగుడ్డతో. కుబాత్ కూడా చూసి తల వంచుకున్నాడు. "మళ్లీ అలాంటి మనిషి పుట్టదు" అన్నాడు, నోట్లో బూర్సోకు ఉండగానే.

అసిల్‌కాన్ తెల్లగుడ్డని చూసింది. దించిన తలల్ని చూసింది. శుక్రవారం, ఇల్లంతా కాగిన నూనె వాసన. ఆ ఊళ్లో ఎవరు చూసినా ఏమనుకుంటారో ఆవిడా అదే అనుకుంది. మాటల్లేకుండా రెండు అరచేతులూ ఒళ్లో చాచింది.

"ఆ బిడ్డ మీది మన్ను పట్టులా మెత్తగా ఉండాలి. ఆమెకి స్వర్గం దొరకాలి."

పెద్దవాళ్లు చేతులు చాస్తే చిన్నవాళ్లవి వాటంతటవే లేస్తాయి. కుబాత్ తినడం ఆపి చేతులెత్తాడు. ఎర్మెక్ చేతులు సగం లేచి ఆగాయి. అతను చోల్పొన్ వైపు చూశాడు. చూశాడు, నిజంగా చూశాడు, అది ఆమె ఎప్పటికీ మరిచిపోదు. ఒక్క మాట అంటే సరిపోయేది. అయ్యో అక్కా, ఇదిగో ఇక్కడే ఉంది అంటే చాలు. కానీ అప్పటికే వాతావరణం ఎంతో చక్కగా కుదిరింది, రేడియోకి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది? అతని చేతులు పూర్తిగా లేచాయి. చోల్పొన్ కెటిల్ కింద పెట్టింది. ఆమె చేతులు కూడా లేచాయి.

"ఓమిన్" అంటూ అందరూ అరచేతులు ముఖం మీదుగా దించుకున్నారు. ఐపెరి కూడా బుజ్జి చేతులతో ముఖం తుడుచుకుంది.

"నా తల్లే! ఎంత బాగా నేర్పారు" అని మురిసిపోయింది అసిల్‌కాన్. తర్వాత గొంతు తగ్గించింది. "చిన్న వయసే అయుంటుంది. ఏమైంది పాపం ఆ అమ్మాయికి?"

కుబాత్ ఇంకో బూర్సోకు నోట్లో పెట్టుకున్నాడు.

"పెళ్లయింది" అంది చోల్పొన్.

కుబాత్‌కి పొలమారింది. దగ్గీ దగ్గీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అసిల్‌కాన్ అతన్ని చూసి, ఎర్మెక్‌ని చూసి, చివరికి తలుపు దగ్గరి తలగుడ్డని చూసింది.

"నువ్వా?"

"నేనే అక్కా. మీరు పెద్ద మనసుతో చదివారు. నాకు అందింది. నూనె వాసన కూడా పొద్దున్నించీ అందుతూనే ఉంది."

అప్పుడే నమాజు ముగించుకుని వచ్చిన అత్తగారు సంగతి అర్థమై చెంపలు వాయించుకుంది. "బతికున్న పిల్లకి పోయినవాళ్ల దువా చదివారా! థూ, థూ! ఒరేయ్ ఎర్మెక్, నోట్లో ఏం పెట్టుకున్నావురా? ఇదిగో ఉందని చెప్పడానికేం రోగం?"

"ఏదో మాటల్లో అలా... ఆమె ఇప్పుడు వాయించడం లేదక్కా. రెండేళ్లయింది. పాపతో కుదరదు. మంగళవారానికి వేరే అబ్బాయి ఉన్నాడు, ఈమె నేర్పుతుంది" అని గబగబా అన్నాడు ఎర్మెక్. చెవులు ఎర్రబడ్డాయి.

అసిల్‌కాన్ మోకాళ్లు పట్టుకుని లేచింది. గోడ దగ్గరికి వెళ్లి తెల్లగుడ్డ తీసింది. బొటనవేలితో తీగల మీద ఒకసారి రాసి, ఆ వేలిని కిటికీ వెలుగులో చూసుకుంది. "రెండేళ్లు ముట్టని తీగలకి తుప్పు పడుతుందయ్యా" అంది. "ఇవి నెల కిందట వేసినవి."

ఎర్మెక్ మొదటిసారి భార్య ఎడమచేతి వేళ్ల కొసలు చూశాడు. అవి గట్టిపడింది పిండి పిసికి కాదు, తీగలు నొక్కి. అత్తగారు బజారుకెళ్లిన గంటల్లో, పాప నిద్రపోతున్నప్పుడు, ఆ గిటారు గోడ దిగేది. కరెంటు వైరు తగిలించకుండా వాయిస్తే ఆ గిటారు శబ్దం ఈగ రొద కన్నా మించదు. వాయించేవాళ్లకి తప్ప ఎవరికీ వినపడదు. పాప ఊపిరి ఒక చెవిలో, ఆ రొద ఒక చెవిలో. అలా నాలుగు పాటలు కట్టింది. ఈ ఇద్దరూ గాలిలో చేసే ఆల్బమ్‌లో అవి లేవు. వాళ్లకి తెలిస్తేగా.

"మంగళవారం ఏ పాట?" అంది అసిల్‌కాన్, ఆమెనే చూస్తూ.

"మూడోది" అన్నాడు ఎర్మెక్.

"కాదు. మీరెవరూ విననిది" అంది చోల్పొన్. లేచి వచ్చి పాపని అతని ఒళ్లో కూర్చోబెట్టింది. "పదింటికి వెళ్లాలి. దీన్ని ఎత్తుకుని నువ్వూ రా. మధ్యలో పాలకి ఏడుస్తుంది, బయట బల్ల మీద కూర్చుని ఆడించు. దగ్గితే వెంటనే నన్ను పిలువు." అత్తగారి ముందు మొగుణ్ణి నువ్వు అనడం అదే మొదలు. అత్తగారు ఏదో అనబోయి, థూ థూ అన్న నోటితో వెంటనే ఏమనాలో తోచక ఊరుకుంది.

"నేను బయట కూర్చుంటే," అన్నాడు ఎర్మెక్, ఒళ్లో పిల్లని జారకుండా పట్టుకుంటూ, "మరి పాడేదెవరు?"

"నా కొత్త పాటల్లో మాటల్లేవు."