పాకం పీల్చిన కర్ర

తరిమెన అమ్మేస్తానన్నాడు జగన్నాధం! పెళ్ళాం తాయారుకి మనసొప్పలేదు. చెక్కను గిరగిరా తిప్పి భరిణెలు తీసే ఆ తరిమెన ఆమె తండ్రిది మరి. రాజాం సంతలో ప్లాస్టిక్ భరిణెలు దిగాక చెక్కవాటి మొహం చూసేవాళ్ళే లేరు. గురువారం, దాన్ని బేరమాడిన గణపతిరావు బండి తోలుకొచ్చి తరిమెన ఎత్తుకుపోతాడు, ఆ మర్నాడే మొగుడు నెల్లిమర్ల జూటుమిల్లులో చేరతాడు.

ఊరకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, తాయారుకి ఆ సామెత ఒంటపట్టలేదు. ఎక్కడో మామిడిచెట్టు బుడిపె సంపాదించుకొచ్చింది. లోపల నల్లటి సుడులు, ప్లాస్టిక్‌కి ఎక్కడిదా అందం! కానీ పుచ్చుకర్ర, ఉలి తగిలితే పొడే. ఎండుచేపలమ్మే కూర్మమ్మ, పడవల బీటలకు పూసే గుగ్గిలం ఇచ్చింది. అది పీల్చుకుంటే కర్ర గట్టిపడుతుందని, దాన్ని కాస్త నూనెతో కరిగించి, జాఫరా గింజల ఎరుపు కలిపి, బుడిపెలో సగం ముక్కను జగన్నాధం ఉడికించాడు. సలసల మరుగుతుండగానే పైకి తీసేశాడు. ఆరాక కోసి చూస్తే పైన ఎరుపు, లోపల అదే పుచ్చు.

"సూసేవా? నానప్పుడే సెప్పేను!"

"ఏడిమీద తీసేస్తే ఏటవుతాది బావా? గారెని పాకంలో ఏసి అప్పుడే తీసేస్తే లోపల సప్పగానే ఉంటాది. పాకంతో పాటు సల్లారితేనే పీల్సుకుంటాది!"

"ఒసే, ఇది కర్రే, గారె కాదు!"

తాయారు వినిపించుకుంటేనా! మిగిలిన సగాన్ని తనే ఉడికించింది. పొయ్యి ఆర్పి, గోరువెచ్చగా అయ్యేదాకా కుండ మూత తీయలేదు.

గురువారం పొద్దున్నే బండి వాకిట్లో ఆగింది. జగన్నాధం తరిమెన మేకులు ఊడదీయబోతుంటే తాయారు గబగబా వచ్చి తను ఉడికించిన ముక్కను దానికి బిగించేసింది. ఆ ఇంట్లో ఆడది తాడు లాగడం, మగాడు ఉలి పట్టడం ఆచారం. ఆవేళ ఉలి ఆమే అందుకుంది.

"ఒక్కపాలి తాడు లాగు బావా. పొడి రాలితే నానే బండెక్కించేస్తాను."

అతను నవ్వుతూ లాగాడు. ఉలి ఆనింది. పొడి రాలలేదు! ఎర్రటి చెక్కు తీగలా చుట్టలు చుట్టలుగా ఊడొచ్చింది. ఇంకా లోతుకి వెళ్ళినా ఎరుపే, ఆ ఎరుపులో నల్లటి సుడులు నిగనిగలాడాయి.

"వచ్చింది బావా! వచ్చింది!" తాయారు ఆనందం పట్టలేక కేకేసింది.

జగన్నాధం నవ్వు ఆగిపోయింది. తాడు మాత్రం ఆగలేదు, ఇంకా జోరుగా లాగుతున్నాడు.

"ఏటోయ్, ఎత్తమంటావా?" వాకిట్లోంచి అడిగాడు గణపతిరావు.

"బండి ఎనక్కి తిప్పీయండి బాబూ," అన్నాడు జగన్నాధం చూపు తిప్పకుండా. "మా ఇంటిది ఉలి పట్టింది. నాను తాడు ఒగ్గకూడదు."