జాబితాలో ఏడో వరుస

దర్జీ కూతురు పొద్దున్నే ఫోన్ చేసి, అమ్మ గీసిన కోటు నమూనా కాగితం మీద కావాలంది. కొత్తగా కొట్టు పెట్టింది. మొదటి గిరాకీ ఆ కోటే అడిగాడట. సాయంత్రానికి ప్రింటు తీసి పెడతానన్నాడు దర్జీ.

భార్య పోయి ఏడాది. నమూనాలు ఆమె కంప్యూటర్లో గీసేది, అతను గీత వెంట గుడ్డ కత్తిరించేవాడు. ఆమె వేళ్లు వంకర్లు పోయాక కీబోర్డూ అతని చేతికే వచ్చింది. ప్రోగ్రాం ఏదైనా కావాలంటే ఆమె చెప్పిన అక్షరాలు కొట్టేవాడు. ప్రోగ్రాములు పెట్టి, తీసే ప్యాకేజీ మేనేజర్ దాన్ని నెట్‌లో వెతికి పట్టుకుని, కంప్యూటర్లో ఏమేం పెడుతుందో, ఏమేం తీసేస్తుందో చాంతాడంత జాబితా చూపి, సరేనా అని అడిగేది. ఆమె కళ్లజోడు సర్దుకుని అంతా చదివి "ఊ" అనేది. అతను సరేనని వై అక్షరం నొక్కేవాడు. జాబితా వంక ఒక్కనాడూ చూడలేదు.

పాత ప్రింటర్ మూలన పడటంతో కొత్తది తెచ్చాడు. దాని ప్రోగ్రాం పేరు డబ్బా మీద చూసి కొట్టాడు. జాబితా వచ్చింది. ఊ అనేవాళ్లు లేరు. వై నొక్కాడు.

ప్రింటర్ కదిలింది. నమూనాలు గీసే ప్రోగ్రాం మాత్రం తెర మీద లేదు.

రిపేరు చేసేవాడు వచ్చి చూసి నవ్వాడు.

"చెప్పే తీసేసింది మాస్టారూ. కొత్తదానికీ ఆ గీసేదానికీ పడదు. నేను మా ఆవిడకి ఊపినట్టు తలూపేశారు."

మళ్లీ పెట్టమన్నాడు దర్జీ. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో వదిలేశారని, ఇక ఎక్కడా దొరకదని అన్నాడు రిపేరువాడు. ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయట, తెరిచేదే లేదట. సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

జాబితా ఇంకా తెర మీదే ఉంది. దర్జీ వేలు పెట్టి చదివాడు. తీసేసేవాటిలో ఏడో వరుస. ఆ పేరు అతనికి కొత్తది కాదు. దాన్ని తెరవడానికి పదకొండేళ్లు రోజూ తనే కొట్టాడు.

బల్ల మీద కాగితం పరిచి సుద్ద తీశాడు. మెడ వచ్చింది. భుజం వచ్చింది. చంక దగ్గర గీత ఎటు తిరగాలో చేతికి తెలియలేదు. ఆ వంపు వేలసార్లు కత్తిరించిన చెయ్యి అది. తుడిచి మళ్లీ గీశాడు. కాగితం చిరిగింది.

ఫోన్ మోగింది.

"వచ్చిందా నాన్నా?"

"లేదు."

"ఏమైంది? పోయిందా?"

"పోలేదు. నేనే తీసేశాను" అన్నాడు దర్జీ.